మొదటి రోజు పరుగు: రావడం తప్పనిసరి, వేగం కాదు



ప్రతి సంవత్సరం జూన్ నెలలో మన హాస్టల్ గేటు దగ్గర ఒకే దృశ్యం కనిపిస్తుంది. నెత్తిన ట్రంకు పెట్టెతో నాన్న, ప్లేటూ గ్లాసూ సంచిలో వేసుకుని కొడుకు, వెనకాల కొంగుతో కళ్లు తుడుచుకుంటూ అమ్మ. చీకటి పడేలోగా ఊరి బస్సు అందుకోవాలని వాళ్లు వెళ్లిపోతారు. ఆ రాత్రి కొత్త పిల్లవాడు సరిగా తినడు, నిద్రపోడు. తెల్లవారుజామున ఎప్పుడో కన్ను మూతపడుతుంది. అంతలోనే బెల్లు. టైము అయిదు గంటలు. "లేవండి, లేవండి, గ్రౌండుకు పదండి" అని సీనియర్ల కేకలు. దుప్పటి లాగేస్తారు. ముఖం మీద నీళ్లు చల్లుకుని బయటికి వస్తే ఇంకా మసక చీకటే. తనకు తెలియని వందమంది మధ్య నిలబడతాడు. ఈల మోగుతుంది. అందరూ పరుగెత్తుతారు. అతనూ పరుగెత్తుతాడు.

ఈ మొదటి రోజు పరుగు గురించే మా ఈ పాఠం. కొత్తగా చేరిన తమ్ముళ్లకు శరీరం గురించి నాలుగు విషయాలు చెప్పాలని, సీనియర్లకు బాధ్యత గురించి రెండు మాటలు చెప్పాలని మా కోరిక. ఇది చెప్పే అర్హత మాకు ఎలా వచ్చిందంటే, ఒకప్పుడు ఈ విషయంలో మేమే పెద్ద తప్పు చేశాము కాబట్టి. ముందు ఆ తప్పు చెప్పి, తర్వాత పాఠంలోకి వస్తాము.

2004 జూన్‌లో జరిగినది

మేము అప్పుడు తొమ్మిదో తరగతి. ఆ సంవత్సరమే ఉదయం పరుగు అందరికీ తప్పనిసరి చేశారు. గేటు దగ్గర మొదలుపెట్టి కాలువ వంతెన దాకా, అక్కడి నుంచి తిరిగి గేటు దాకా. మొత్తం రెండు కిలోమీటర్లు. ముందు పరుగెత్తించే పని మాకు అప్పగించారు. మెడలో ఈల వేసుకుని మేము పెద్ద ఆఫీసర్లం అయిపోయినట్టు అనుకున్నాము.

ఆరో తరగతిలో కొత్తగా చేరిన ఒక పిల్లవాడు మొదటి రోజు ఈల మోగగానే అందరికంటే ముందు దూసుకుపోయాడు. రెండు వందల గజాలు దాటగానే నడుము పట్టుకుని ఆగిపోయాడు. వంతెన దగ్గర మేము వెనక్కి తిరిగేసరికి ఇంకా సగం దారిలోనే ఉన్నాడు. మేము గేటు చేరి పావుగంట అయ్యాక ఒక్కడే వచ్చాడు. మేమంతా వరుసగా నిలబడి చప్పట్లు కొట్టాము. అది మెచ్చుకోలు కాదు, వెక్కిరింత. "ఎడ్లబండి వచ్చిందిరా" అని ఎవరో అంటే అందరమూ పడీపడీ నవ్వాము. అతను తల వంచుకుని కుళాయి దగ్గరికి పోయాడు.

రెండో రోజూ అంతే. మూడో రోజు మెట్లు దిగడానికే అతనికి కాళ్లు సహకరించలేదు. కుంటుతూ వచ్చాడు. మళ్లీ నవ్వాము. నాలుగో రోజు పొద్దున లెక్కపెడితే ఒకరు తక్కువ వచ్చారు. గదిలో చూస్తే ట్రంకు పెట్టె ఉంది, పిల్లవాడు లేడు. తెల్లవారకముందే గోడ దూకి నడుచుకుంటూ ఊరికి వెళ్లిపోయాడు. తర్వాత వాళ్ల నాన్న వచ్చి పెట్టె తీసుకుపోయాడు. పోతూ పోతూ మాతో, "మీరు పెద్ద పిల్లోళ్లు కదా నాయనా, మీరన్నా చూసుకోకపోతే ఎట్ల?" అన్నాడు. మా దగ్గర జవాబు లేదు.

దసరా సెలవుల్లో మేము ముగ్గురం కలిసి ఆ ఊరికి వెళ్లాము. అతను ఇంట్లో లేడు. పత్తి విత్తన చేలో క్రాసింగు పనికి పోయాడని చెప్పారు. మా కర్నూలు వైపు ఆ పని సంగతి తెలియనివాళ్లు ఉండరు. సాయంత్రం పూట మొగ్గ ఒలవాలి, మరునాడు పొద్దున పుప్పొడి అంటించాలి. చిన్న వేళ్లయితే పని చురుగ్గా సాగుతుందని పిల్లలను పెట్టుకునేవారు. చేను గట్టు మీద నిలబడి పిలిస్తే వచ్చాడు. "పరిగెత్తలేకనా పోయింది?" అని అడిగాము. "పరిగెత్తేది నాకు కొత్త కాదన్నా. ఎనుముల ఎంబడి దినామూ పరిగెత్తేవాణ్ణే. మీరంతా నగినారు కదా, అందుకే వచ్చేసినా" అన్నాడు.

హాస్టల్ బెల్లు మోగేది అయిదింటికి. అతను చేలో పనికోసం అంతకంటే ముందే లేస్తున్నాడు. అంటే అతనికి బద్ధకం లేదు, భయం లేదు. మా నవ్వే అతన్ని పంపించింది. మా మూడు రోజుల నవ్వుకు అతను కట్టిన వెల ఒక చదువు సంవత్సరం. ఈ మాట రాయడానికి ఇప్పటికీ మాకు సిగ్గుగానే ఉంది.

పరుగులో శరీరం లోపల ఏమి జరుగుతుంది?

ఆ రోజు మాకు తెలియని విషయాలు ఇప్పుడు వరుసగా చెబుతాము.

ఊరికే కూర్చున్నప్పుడు మన గుండె నిమిషానికి సుమారు 70 నుంచి 90 సార్లు కొట్టుకుంటుంది. గట్టిగా పరుగెత్తితే పిల్లల్లో అది 180 కూడా దాటుతుంది. ఊపిరి మామూలుగా నిమిషానికి 20 సార్లు తీసుకుంటే, పరుగులో 40 సార్లకు పైనే తీసుకుంటాము. కండరాలకు ఆక్సిజన్ ఎక్కువ కావాలి కాబట్టి గుండె, ఊపిరితిత్తులు అంత కష్టపడతాయి.

అయితే ఈల మోగిన క్షణంలోనే అవి పూర్తి వేగం అందుకోలేవు. అందుకు రెండు మూడు నిమిషాలు పడుతుంది. కాళ్లు మాత్రం మొదటి అడుగు నుంచే ఆక్సిజన్ అడుగుతాయి. ఇంట్లో పదిమంది ఒకేసారి భోజనానికి కూర్చుంటే పొయ్యి మీద అన్నం ఇంకా ఉడుకుతూ ఉన్నట్టు అన్నమాట. ఆ కొద్దిసేపు శరీరం తన దగ్గర నిల్వ ఉన్న శక్తితో నెట్టుకొస్తుంది. మెల్లగా మొదలుపెట్టినవాడికి ఆ నిల్వ సరిపోతుంది, తర్వాత ఊపిరి దానంతట అదే కుదురుకుంటుంది. మొదటి రెండు వందల గజాలు దూసుకుపోయినవాడికి నిల్వ అంతా అక్కడే ఖర్చయిపోతుంది. ఆ పిల్లవాడికి జరిగింది ఇదే. అతనిది చేతకానితనం కాదు. ఎలా మొదలుపెట్టాలో అతనికి ఎవరూ చెప్పలేదు. చెప్పవలసింది మేమే.

ఎనుముల వెంట పరుగెత్తడం వేరు, రెండు కిలోమీటర్లు ఆగకుండా పరుగెత్తడం వేరు. అక్కడ పది అడుగులు పరుగెత్తి, నిలబడి, మళ్లీ పరుగెత్తుతాము. ఇక్కడ నిలబడడం ఉండదు. దీనికి శరీరాన్ని కొత్తగా అలవాటు చేయాలి.

డొక్కలో నొప్పి వస్తే భయపడవద్దు. చాలామందికి వస్తుంది. వేగం తగ్గించి నడవండి. నొప్పి ఉన్నచోట చేత్తో నొక్కి పట్టుకుని, ఊపిరి నిదానంగా పూర్తిగా వదలండి. రెండు మూడు నిమిషాల్లో తగ్గుతుంది. కడుపు నిండా తిని గాని, చెంబెడు నీళ్లు ఒకేసారి తాగి గాని పరుగెత్తవద్దు.

అసలు పరీక్ష మూడో రోజు

కొత్తవాళ్లు అందరూ మొదటి రోజే కష్టం అనుకుంటారు. నిజానికి కష్టమంతా రెండో రోజు, మూడో రోజు ఉంటుంది. అలవాటు లేని శ్రమ చేసినప్పుడు కండరాల నారల్లో చాలా చిన్న చిన్న గాయాలవుతాయి. వాటి నొప్పి వెంటనే తెలియదు. మరునాటి నుంచి మొదలై రెండు మూడు రోజులకు బాగా ఎక్కువవుతుంది. తొడలు, పిక్కలు పట్టేస్తాయి. మెట్లు దిగేటప్పుడు ప్రాణం పోయినట్టు ఉంటుంది. అయిదారు రోజుల్లో దానంతట అదే పోతుంది. ఆ గాయాలు మానేటప్పుడు కండరం మునుపటికంటే కొంచెం గట్టిపడుతుంది. రెండో వారం అదే దూరం పరుగెత్తినా అంత నొప్పి ఉండదు.

ఈ ఒక్క సంగతి ముందే తెలిసి ఉంటే ఆ పిల్లవాడు నాలుగో రోజు గోడ దూకేవాడు కాదేమో. తన కాళ్లు పాడైపోయాయని అనుకున్నాడట. కాబట్టి కొత్త తమ్ముళ్లారా, మూడో రోజు కుంటుతున్నారంటే మీరు ఓడిపోయినట్టు కాదు. మీ కాళ్లు పాఠం నేర్చుకుంటున్నట్టు. ఆ రోజుల్లో పరుగు ఆపి నడవండి, కానీ గ్రౌండుకు రావడం మాత్రం మానవద్దు. ఒకే చోట గుచ్చినట్టు నొప్పి ఉన్నా, వాపు వచ్చినా, వారం దాటినా తగ్గకపోయినా డాక్టరుకు చూపించాలి.

ఎంత వేగంగా పరుగెత్తాలి?

దీనికి గడియారం అక్కరలేదు. పక్కవాడితో మాట్లాడి చూడండి. పరుగెత్తుతూ ఒక పూర్తి వాక్యం చెప్పగలిగితే మీ వేగం సరిగా ఉంది. ఒక్కొక్క మాటకు ఆగి ఊపిరి తీసుకోవలసి వస్తే వేగం ఎక్కువైంది, తగ్గించాలి. మేము ఎక్కాలు చెప్పించేవాళ్లము. పన్నెండో ఎక్కం ఆయాసం లేకుండా చెప్పగలిగినవాడు సరైన వేగంలో ఉన్నట్టు లెక్క. ఎక్కాలూ వచ్చేవి, పరుగూ వచ్చేది.

కొత్తవాళ్ల కోసం ఆరు వారాల పద్ధతి ఒకటి ఇస్తున్నాము. ముందు అయిదు నిమిషాలు నడక, చేతులు కాళ్లు తిప్పడం అందరికీ ఉండాలి.

మొదటి వారం: ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాలు నడక. ఇలా ఆరుసార్లు.
రెండో వారం: రెండు నిమిషాలు పరుగు, రెండు నిమిషాలు నడక. అయిదుసార్లు.
మూడో వారం: మూడు నిమిషాలు పరుగు, రెండు నిమిషాలు నడక. నాలుగుసార్లు.
నాలుగో వారం: అయిదు నిమిషాలు పరుగు, రెండు నిమిషాలు నడక. మూడుసార్లు.
అయిదో వారం: ఎనిమిది నిమిషాలు పరుగు, రెండు నిమిషాలు నడక. రెండుసార్లు.
ఆరో వారం: ఆగకుండా పదిహేను నిమిషాల పరుగు.

ఏ వారమైనా కష్టమనిపిస్తే అదే వారాన్ని మళ్లీ చేయండి. ఇందులో ఫెయిలు అనేది లేదు. వారానికి ఒక రోజు పూర్తిగా విశ్రాంతి ఇవ్వండి. చివర ఒక్కసారిగా కూలబడకుండా రెండు మూడు నిమిషాలు నడవండి. 5 నుంచి 17 సంవత్సరాల పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాల శారీరక శ్రమ అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనల్లో ఉంది. ఉదయం పరుగు, సాయంత్రం ఆట కలిపితే మనకు ఆ గంట సులువుగా పూర్తవుతుంది.

కాళ్లు, నీళ్లు, తిండి

మన పిల్లల్లో చాలామందికి బూట్లు ఉండవు. హవాయి చెప్పులతో మాత్రం పరుగెత్తవద్దు. అవి జారి పడేస్తాయి. బూట్లు లేకపోతే గ్రౌండులో వట్టి కాళ్లతో పరుగెత్తవచ్చు, కానీ ముందు రోజు సాయంత్రం వెలుగు ఉండగానే నలుగురు కలిసి పల్లేరు కాయలు, గాజు పెంకులు, మేకులు ఏరేయాలి. గుచ్చుకుంటే సబ్బుతో, పారే నీళ్లతో కడిగి వెంటనే చెప్పాలి. దాచిపెడితే ప్రమాదం. ధనుర్వాతం రాకుండా 10 ఏళ్లకు, 16 ఏళ్లకు వేసే టీకా అందరూ వేయించుకున్నారా లేదా అని కూడా చూసుకోవాలి.

లేవగానే అర గ్లాసు నీళ్లు తాగండి. రాత్రి అన్నం మానేసినవాడు పొద్దున పరుగెత్తకూడదు, నడవాలి. ఇంటి మీద బెంగతో కొత్తవాళ్లు చాలామంది రాత్రి తినరు. ఆ సంగతి పక్క పడకవాడికే తెలుస్తుంది. వాడే చెప్పాలి. పరుగు తర్వాత బెల్లం వేసిన రాగి జావ దొరికితే అంతకంటే మంచిది లేదు. 100 గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. ఎదిగే ఎముకలకు అది కావాలి.

ఎవరు పరుగెత్తకూడదు?

జ్వరం, విరేచనాలు ఉన్నవాళ్లు పరుగెత్తకూడదు. ఉబ్బసం ఉన్నవాళ్లు, గుండె జబ్బు ఉందని డాక్టరు చెప్పినవాళ్లు, సికిల్ సెల్ ఉన్నవాళ్లు డాక్టరును అడగకుండా పరుగెత్తకూడదు. గిరిజన ప్రాంతాల నుంచి వచ్చే తమ్ముళ్లలో సికిల్ సెల్ ఎక్కువగా కనిపిస్తుంది. దీన్ని అరికట్టేందుకు కేంద్ర ప్రభుత్వం 2023 జులైలో ఒక జాతీయ కార్యక్రమమే మొదలుపెట్టింది. ఉందో లేదో రక్త పరీక్షతో తెలుస్తుంది. పరుగులో ఛాతీ నొప్పి వచ్చినా, కళ్లు తిరిగినా, స్పృహ తప్పినా ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. "నాటకాలు ఆడుతున్నాడు" అనే మాట ఎవరి నోటా రాకూడదు.

మనలో ఎక్కువమందిని వెనక్కి లాగేది రక్తహీనత. ఊపిరితిత్తుల నుంచి కండరాలకు ఆక్సిజన్ మోసేది రక్తంలోని హిమోగ్లోబిన్. 12 నుంచి 14 ఏళ్ల పిల్లల్లో అది 12 గ్రాములకు తగ్గితే రక్తహీనతగా లెక్కిస్తారు. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15–19 ఏళ్ల ఆడపిల్లల్లో 59 శాతం మందికి, మగపిల్లల్లో 31 శాతం మందికి రక్తహీనత ఉంది. అంటే మగపిల్లల హాస్టల్లో కూడా ప్రతి పదిమందిలో ముగ్గురు తక్కువ ఆక్సిజన్‌తో పరుగెత్తుతున్నట్టే. వాళ్లను బద్ధకస్తులని తిడితే రక్తం పెరుగుతుందా? వారానికి ఒకటి చొప్పున ఐరన్ మాత్ర ఇచ్చే కార్యక్రమం 2013 నుంచి ఉంది. ఆ మాత్రను కిటికీలోంచి పారేయకుండా అన్నం తిన్నాక వేసుకోండి. దానితో టీ తాగవద్దు. ఆకుకూర తిన్న రోజు నిమ్మకాయ పిండుకుంటే ఐరన్ బాగా ఒంటబడుతుంది. నులిపురుగుల మాత్ర కూడా తప్పక వేసుకోండి.

2005 జూన్: మేము మార్చుకున్న పద్ధతి

ఆ పిల్లవాడు మరుసటి సంవత్సరం మళ్లీ ఆరో తరగతిలోనే చేరాడు. మేము వేసవి సెలవుల్లో రెండుసార్లు వెళ్లి, వాళ్ల అమ్మానాన్నలకు మాట ఇచ్చి తీసుకొచ్చాము. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో డాక్టరుగారు పరీక్షించి రక్తం తక్కువగా ఉందని చెప్పి మాత్రలు ఇచ్చారు. ఎనుముల వెంట పరుగెత్తే పిల్లవాడు మా దగ్గర ఎందుకు వెనకబడ్డాడో అప్పుడు ఇంకొంచెం అర్థమైంది.

ఆ జూన్‌లో మేము పదో తరగతి. పరుగు పద్ధతి మార్చాము. వరుసకు ముందు ఇద్దరు, వెనక ఇద్దరు సీనియర్లు. వెనక ఉండేవాళ్లు అందరికంటే గట్టిగా పరుగెత్తగలిగినవాళ్లై ఉండాలి. చివరివాడు నడిస్తే వాళ్లూ నడవాలి. బయలుదేరేటప్పుడు, వంతెన దగ్గర, గేటు దగ్గర మూడుసార్లు లెక్క. రోడ్డు మీద ఎదురుగా వచ్చే బండి కనపడేలా కుడి పక్కన, ఇద్దరిద్దరు చొప్పున. మసక చీకటిలో ముందు, వెనక టార్చిలైటు.

ఇందులోనూ ఒక తప్పు చేశాము. చివరివాడు వచ్చేదాకా ఎవరికీ జావ పోయకూడదని మొదట నియమం పెట్టాము. ఐకమత్యం పెరుగుతుందనుకున్నాము. జరిగింది వేరు. ఆకలితో ఉన్నవాళ్లు చివరివాడి మీద పళ్లు కొరికారు. వారం తిరగకముందే ఆ నియమం తీసేశాము. ముందు వచ్చినవాళ్లు ముందు తాగుతారు, చివరివాడి గ్లాసు మూతపెట్టి పక్కన ఉంచుతారు. అంతే. దాంతో గొడవ పోయింది.

ఇంకొక మాట. ఆలస్యంగా లేచినవాడికి, హోంవర్కు చేయనివాడికి శిక్షగా నాలుగు రౌండ్లు పరుగెత్తించడం చాలాచోట్ల ఉండేది. పరుగును శిక్షగా వాడితే పిల్లవాడు జీవితాంతం పరుగును అసహ్యించుకుంటాడు. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షను పిల్లలను శారీరకంగా శిక్షించడాన్ని, మానసికంగా వేధించడాన్ని నిషేధించింది. వరుసలో నిలబెట్టి వెక్కిరింపుగా చప్పట్లు కొట్టడం వేధింపు కాదా? మా చేతులు చేసింది అదే కాబట్టి ఈ ప్రశ్న ముందు మాకు మేమే వేసుకుంటున్నాము.

హాస్టల్ ఎందుకు పుట్టింది?

డాక్టర్ అంబేద్కర్ గారు 1924లో బహిష్కృత హితకారిణీ సభ స్థాపించారు. ఆ సభ మొదట చేసిన పనుల్లో ఒకటి 1925లో షోలాపూర్‌లో పేద దళిత విద్యార్థుల కోసం హాస్టల్ తెరవడం. బడి ఉంటే చాలదు, దూరపు ఊరి పిల్లవాడు ఆ బడిలో నిలబడడానికి ఒక కప్పు, ఒక పూట అన్నం, ఒక తోడు కావాలని ఆయన గుర్తించారు. అంటే హాస్టల్ పుట్టిందే పిల్లవాడు మధ్యలో వెళ్లిపోకుండా ఉండడానికి. అలాంటి చోట మన పద్ధతి వల్లనే ఒక పిల్లవాడు వెళ్లిపోతే, ఎన్ని కప్పులు గెలిచినా ఏమి లాభం?

సంక్షేమ గురుకుల విద్యార్థిని మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్టు శిఖరం ఎక్కింది. అప్పటికి వయసు పద్నాలుగేళ్లు నిండలేదు. ఆమెతో పాటు సాధనపల్లి ఆనంద్‌కుమార్ కూడా ఎక్కాడు. వాళ్లను నేరుగా ఎవరెస్టుకు తీసుకెళ్లలేదు. ముందు భువనగిరి గుట్ట, తర్వాత డార్జిలింగ్, ఆ తర్వాత లడఖ్. మెట్టు మెట్టుగా వెళ్లారు. సంక్షేమ గురుకులంలోనే చదువుకున్న అగసర నందిని 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో హెప్టాథ్లాన్‌లో కాంస్య పతకం గెలిచింది. అందులో రెండు రోజుల్లో ఏడు పోటీలు ఉంటాయి. చివరిది 800 మీటర్ల పరుగు. మొదటి పోటీలోనే బలమంతా ఖర్చు పెట్టినవాళ్లకు చివరి పరుగు మిగలదు. ఈ ఇద్దరి కథలోనూ మనకు పనికొచ్చే మాట ఒకటే. మెల్లగా మొదలుపెట్టడం సిగ్గుపడే విషయం కాదు.

చివరగా

మేము హాస్టల్ వదిలిన రెండేళ్లకు, 2008 ఫిబ్రవరిలో వార్షికోత్సవానికి వచ్చి రాత్రి ఇక్కడే పడుకున్నాము. అయిదింటికి బెల్లు మోగితే అలవాటుగా లేచి గేటు దగ్గర నిలబడ్డాము. పిల్లలు వెళ్లారు, తిరిగి వచ్చారు. గేటు దగ్గర లెక్క పెడుతున్న లీడరు, "ఇంకా ఇద్దరు రావాలి" అన్నాడు. ఎవరూ నవ్వలేదు, ఎవరూ విసుక్కోలేదు. కొంతసేపటికి మంచులోంచి ఇద్దరు నడుచుకుంటూ వచ్చారు. ఒకడు జ్వరం నుంచి లేచిన ఆరో తరగతి పిల్లవాడు. వాడికి తోడుగా మెడలో ఈలతో ఎక్కం చెప్పిస్తూ వస్తున్న ఎనిమిదో తరగతి కుర్రవాడు, మేము నవ్వి పంపించిన ఆ పిల్లవాడే. మమ్మల్ని చూసి, "ఏమన్నా, మీరు పరిగెత్తలేదా?" అని అడిగాడు. ఆ రోజు అతనితో కలిసి మేమూ మరొకసారి వంతెన దాకా వెళ్లొచ్చాము. మాకు ఆయాసం వచ్చింది. అతను మా కోసం వేగం తగ్గించాడు.

అతను 2010లో పదో తరగతి పాసయ్యాడు.

గుర్తుంచుకోవలసినవి

1. గ్రౌండుకు రావడం తప్పనిసరి. వేగం తప్పనిసరి కాదు.
2. మాట్లాడగలిగే వేగంతోనే పరుగెత్తాలి.
3. మూడో రోజు నొప్పి సహజం. వారంలోగా తగ్గుతుంది.
4. ఒంట్లో బాగాలేకపోతే దాచకుండా చెప్పాలి. చెప్పినవాడిని నమ్మాలి.
5. అందరికంటే బలమైనవాడు అందరికంటే వెనక ఉండాలి.
6. చివరివాడు గేటు దాటాకే పరుగు అయిపోయినట్టు.

రాబోయే జూన్‌లో మన గేటు ముందు మళ్లీ ట్రంకు పెట్టెలు దిగుతాయి. సీనియర్ తమ్ముళ్లారా, ఆ రాత్రి పక్క పడకలో నిద్రపట్టక దొర్లుతున్న పిల్లవాడి పేరు అడగండి. అన్నం తిన్నాడో లేదో అడగండి. పొద్దున ఈల మోగినప్పుడు అతని పక్కన నిలబడండి.

ఇట్లు,
మీ అన్నలు,
పూర్వ విద్యార్థుల బృందం